పద్దెనిమిది బాటిళ్లు, ఒకే అంకె

నీటి పరీక్షల ల్యాబు. బల్లకి అవతల కెమిస్టు. ఇవతల, వీధివీధికీ తిరిగి కుళాయి నీళ్లు పట్టుకొచ్చే ఉద్యోగి. ఇతను ఆమెకి స్వయానా అక్క మొగుడు.

"సంతకం పెట్టను బావా. ఎన్నిసార్లు అడిగినా పెట్టను."

"ఎందుకు పెట్టవో చెప్పు."

"చెప్పానుగా. పద్దెనిమిది వీధులు, పద్దెనిమిది బాటిళ్లు. అన్నిట్లో సీసం ఒకటే అంకె. పాయింటు తేడా కూడా లేదు."

"మంచిదేగా. కొత్త పైపులేశాం, అంతటా ఒకే నీళ్లొస్తున్నాయి."

"నా చెవిలో పువ్వులు పెట్టకండి. పక్కపక్క ఇళ్లకే తేడా వస్తుంది."

"అంటే నేను దొంగనా?"

"ఎక్కడ పట్టారని అడుగుతున్నాను."

"లేబుల్ మీద రాసుంది. చదువుకున్నదానివి, చదువుకో."

"చదివాను. ఆరో వీధి దర్జీ ఇల్లు, అయిదూ పదికి. ఏడో వీధి బేకరీ, అయిదూ పన్నెండుకి. రెండు నిమిషాల్లో వీధి దాటి, తలుపు కొట్టి, మనిషిని లేపి, బాటిల్ నింపేశారా?"

"నాది గట్టి నడక."

"దర్జీకి ఫోన్ చేశాను. ఆ రోజు ఎవరూ రాలేదన్నాడు."

"వాడికి మతిమరుపు."

"బేకరీ ఆవిడకీ మతిమరుపేనా?"

"ఇదిగో, వెనకాల కూపీలు లాగడం ఎప్పట్నుంచి మొదలెట్టావు? మీ అక్కకి చెప్పమంటావా?"

"అక్కని మధ్యలోకి తేకండి. ఇక్కడ నేను మీ మరదల్ని కాను."

"అవును మేడమ్‌గారూ. మీ కాలేజీ ఫారాల కోసం నేను లైన్లో నిలబడ్డప్పుడు మాత్రం బావనే."

"దానికీ దీనికీ ముడిపెట్టకండి."

"పెడతాను. నెలాఖరుకి నా ఉద్యోగం పర్మనెంట్ అవ్వాలి. ఈ రిపోర్టు ఆగితే మా ఆఫీసులో పెద్దాయన నన్ను ఇంటికి పంపిస్తాడు. తెలిసి తెలిసి నా పొట్ట కొడుతున్నావు."

"ఆ నీళ్లు తాగేవాళ్ల సంగతో?"

"ముప్పయ్యేళ్లు పాత పైపుల్లో నీళ్లే తాగారు. ఎవడు పోయాడు? సీసం గీసం అని మీరు గొడవ చేసి బంగారంలాంటి పైపులు తవ్వించి పారేయించారు. ఇప్పుడు కొత్తవాటికీ పరీక్షలు. అదీ తెల్లారకముందే, ఎవరూ కుళాయి తిప్పకముందే, రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లే కావాలి. ఏసీలో కూర్చుని రూల్సు రాసేస్తారు. అయిదింటికి తలుపు కొట్టి చూడు, కుక్కలూ మనుషులూ ఒకేలా మీద పడతారు."

"అందుకని?"

"అందుకని ఏం లేదు."

"అందుకని ఒక్క కుళాయి దగ్గరే అన్నీ నింపేశారు."

"నేనలా అనలేదు."

"అనకపోతే ఈ పద్దెనిమిది వీధులకీ ఇవాళే నీళ్లు ఆపించాలి నేను."

"ఆపడం దేనికి? నీళ్లు బాగుంటే..."

"బాగున్నాయని ఎవరన్నారు? వచ్చినప్పట్నుంచి అరుస్తున్నారు, అంకె ఎంతో ఒక్కసారైనా అడిగారా?"

"ఎంత?"

"లీటరుకి పది మైక్రోగ్రాములు దాటకూడదు. అరవై నాలుగుంది."

"నీ మిషన్ పాడైంది."

"మూడుసార్లు చూశాను. వేరే నీళ్లు పోస్తే సరిగ్గానే చూపిస్తోంది."

"కాదు, పాడైంది. అంత ఉండటానికి వీల్లేదు."

"ఎందుకు వీల్లేదు? ఏ కుళాయి అది?"

"నువ్వు నా మీద కక్ష కట్టి..."

"ఏ కుళాయి బావా?"

"మా వంటింట్లోది. చాలా? పొద్దున్నే ఒక బకెట్ పట్టి అన్నిట్లోకీ పోశాను. రాసుకో. ఉద్యోగం ఊడగొట్టి అక్కాచెల్లెళ్లు ఇద్దరూ సంబరపడండి."

"మీ వంటింట్లోదా?"

"మేం తాగే నీళ్లే కదా, శుభ్రంగా ఉంటాయని పట్టాను. పాపకి పాలపొడి కూడా వాటితోనే కలుపుతాం."

"అక్కకి ఫోన్ చెయ్యండి."

"కాచే కలుపుతుందిలే."

"కాస్తే సీసం పోదు. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ముందు ఫోన్ చెయ్యండి."

"చేస్తున్నా. చేస్తూనే ఉన్నా. ఎత్తట్లేదు."

"మళ్లీ చెయ్యండి. పాపకి ఎన్నో నెల?"

"అయిదు. ఎత్తట్లేదే... మా వీధిలో ఎప్పుడూ సీసం పైపు లేదు. మా ఇంటికెలా వస్తుంది? నువ్వే చెప్పు, ఎలా వస్తుంది?"

"ఇంట్లో పైపు మార్చారా?"

"మోగుతోంది, ఆగు."

"మార్చారా లేదా?"

"పాప పుట్టాక మార్చాను. పాతదాన్లో ధార సన్నంగా వచ్చేది, పాప స్నానానికే నీళ్లు సరిపోయేవి కావు."

"కొత్త పైపు ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు."

"బావా."

"వీధుల్లో తవ్వి తీసిన పైపే. మీ అక్క వద్దంటున్నా వినకుండా, నేనే భుజాన మోసుకెళ్లి బిగించాను."