కథ చివర ఏమైందో అమ్మలకు చెప్పిన సత్యభామ గారు

1992వ సంవత్సరం జూన్ పదిహేనవ తేదీ సోమవారం ఉదయం యలహంక పాతపేటలోని మన విజ్ఞాన మంజరి గ్రంథాలయంలో సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి సత్యభామ గారు, ముప్పై మూడు సంవత్సరాల నిరంతర సేవ అనంతరం, ఈ జూలై నెలాఖరున గ్రంథపాలకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇది శుభ సందర్భమని రాయమని అందరూ అన్నారు. శుభమే. కానీ వారు లేని కౌంటరును తలచుకుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

పదకొండేళ్ళుగా వారి పక్క కుర్చీలో కూర్చున్నదానను గనుక ఈ వ్యాసం నేనే రాయాలని అధ్యక్షులు శ్రీ రాజగోపాల్ గారు ఆజ్ఞాపించారు. పదవ తరగతి వరకే చదివినదానను, తప్పులుంటే పెద్దలు మన్నించాలి. పైగా ఇది రాస్తున్న రోజులలో మా ఇంట్లో ఒక నిర్ణయం తెగక నిలిచి ఉంది. మా అమ్మాయి స్పందనకు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక కళాశాలలో సీటు వచ్చింది. మేముండే యలహంక బెంగళూరుకు ఈ కొస, అది ఆ కొస. హాస్టలులో ఉండక తప్పదు. పంపాలంటే భయం, మాన్పించాలంటే ఇంకో భయం. నా సొంత గొడవ ఈ వీడ్కోలు సంచికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సత్యభామ గారిని గురించి నేను చెప్పదలచిన మాటకు దారి అక్కడి నుంచే ఉంది.

సత్యభామ గారిది పాతపేటలో నాలుగు తరాలుగా పట్టుచీరల నేతతో జీవించిన కుటుంబం. వారు చేరిన నాటికి మన గ్రంథాలయం రెండు గదులు, ఒక ట్యూబ్‌లైటు, వానాకాలంలో నాలుగు చోట్ల బక్కెట్లు. వారపత్రికలు చదివే వృద్ధులు తప్ప పాఠకులు అరుదు. ఆ పరిస్థితులలోనే వారు సాయంకాల కళాశాలలో పట్టా పొందారు, గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ పూర్తి చేశారు, ఇద్దరు పిల్లలను పెంచారు. బక్కెట్లు నిండినప్పుడల్లా వారే ఎత్తి పారబోశారని బాలమ్మ గారు, అంటే అప్పటి మన ఆయా, నాకు చెప్పేవారు. తడి నేల మీద, పైన కరెంటు తీగలు, ఏమైనా జరిగి ఉంటే అని నాకు ఇప్పటికీ గుండె దడ.

రెండువేల సంవత్సరం దాటాక యలహంక స్వరూపమే మారింది. కర్నూలు నుంచి, కరీంనగర్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాల నిమిత్తం వచ్చిన కుటుంబాలతో అపార్టుమెంట్లు వెలిశాయి. ఆ ఇళ్ళ పిల్లలకు తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరం రాదు. వారు అడిగేవి ఇంగ్లీషు నవలలు, అవి కూడా అంతకు ముందు నెలలో వెలువడినవి. ప్రేమ నవలలు, హత్యల నవలలు, పదహారేళ్ళ పిల్లలను గురించి పదహారేళ్ళ పిల్లలకోసం రాసే నవలలు. కార్యవర్గంలో కొందరు ఇవి మనకెందుకన్నారు. సత్యభామ గారు ఒక్క షరతు మీద వాటిని తెప్పించారు. ఏ కొత్త నవలైనా తాము ఆసాంతం చదివిన పిమ్మటనే బీరువాలోకి వెళుతుంది. చదివినదానికి వీపున రంగు పట్టీ పడుతుంది. ప్రేమకు గులాబి, హత్యకు నలుపు, పిల్లల నవలకు ఆకుపచ్చ.

పట్టీ అంటించడం నా పని. అంటిస్తూ ఉండగా వారు తమ అభిప్రాయం చెప్పేవారు. అది వినడానికే కొందరు పాఠకులు శనివారం పదకొండు గంటలకు వచ్చి నిలబడేవారు.

ఒక ప్రేమ నవలను గురించి, "మూడు వందల పేజీలు ఇద్దరూ అలిగి కూర్చోనుండారు. నాలుగో చాప్టర్‌లో ఒక్క మాట అడిగుంటే ముప్పై పేజీలకు అయిపోయేది. అయినా ఆ అలిగేది మాత్రం భలే రాసినాడప్పా, నాకే కోపం వచ్చింది," అన్నారు. బెంగళూరులోనే జరిగే ఒక హత్య నవలకు రెండవ ముద్రణ వచ్చిందని పత్రికలన్నీ పొగిడితే, వారు పుస్తకం మూసి, "పోలీసాయన సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో హెబ్బాళంలో జీపెక్కి పది నిమిషాల్లో ఊరికి ఆ పక్క సిల్క్ బోర్డులో దిగినాడు. దాని తర్వాత ఎవురు చంపినారని చెప్పినా నేను నమ్మలేదు," అని నల్ల పట్టీ నా చేతికిచ్చారు. ఆకుపచ్చ నవలల మీద మాత్రం వారికి ఒక స్థిరమైన ఫిర్యాదు ఉండేది. ఆ రచయితలకు పదహారేళ్ళ వయసు సంగతి అంతా తెలుసు, నలభై ఏళ్ళ వయసు సంగతి ఏమీ తెలియదు. అమ్మ అనే మనిషి తలుపు కొట్టడానికి తప్ప ఆ పుస్తకాలలోకి రాదు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఏదో గుచ్చుకునేది, ఎందుకంటే మా ఇంట్లో తలుపు కొట్టేది నేనే.

ఆ అమ్మలకోసమే వారు ఒక ఆచారం ప్రారంభించారు. పిల్లలు పట్టుకెళ్ళే ఇంగ్లీషు పుస్తకంలో ఏముందో తెలియక ఆందోళన పడే తల్లులను కిటికీ పక్క బల్ల మీద కూర్చోబెట్టి, కథ మొత్తం, చివరతో సహా, తెలుగులో చెప్పేవారు. పిల్ల చెడిపోదు కదా, ఎవరూ చచ్చిపోరు కదా అని అడిగే మాలాంటివారికి ఆ చివర వినకుండా నిద్ర పట్టేది కాదు. ఈ ఆచారం వల్ల ఒక అనర్థమూ జరిగింది. మన కోశాధికారి శ్రీ చంద్రశేఖర్ గారు ఒక నల్ల పట్టీ నవలలో సగంలో ఉండగా, పాల బూత్ దగ్గర ఒక తల్లి, "ఆ పళ్ళ డాక్టరే చంపినాడంట గదా సార్," అని కుశల ప్రశ్న వేసింది. ఆయన ఆ నెల సమావేశంలో ఈ విషయం లేవనెత్తారు. హత్య నవలల చివర చెప్పునప్పుడు స్వరము తగ్గించవలెనని ఏకగ్రీవంగా తీర్మానమైంది. సత్యభామ గారు తీర్మానాన్ని గౌరవించి అప్పటి నుంచి చెవిలో చెప్పేవారు. పాల బూత్ దగ్గర ఏమీ మారలేదు.

ఇక నేను చెప్పదలచిన సంగతి. 2023 నవంబరులో సత్యభామ గారి కుడి కంటికి శుక్లం తీశారు. మూడు వారాలు చదవకూడదని, దుమ్ములోకి పోకూడదని వైద్యులు ఆదేశించారు. అదే వారంలో కొత్త పుస్తకాల పెట్టె వచ్చింది. పాఠకులు ఆగలేదు, కార్యవర్గం ఆగమనలేదు, వారు చదవకుండానే ఆ పుస్తకాలు బయటికి వెళ్ళాయి. అందులో ఇంకా ఆకుపచ్చ పట్టీ పడని ఒక పిల్లల నవలను మా స్పందన తీసుకున్నది. అప్పటికి అది పీయూసీ, అంటే ఇంటర్, మొదటి సంవత్సరం, హెబ్బాళంలో కాలేజీ, బస్సులో రాకపోకలు. నేను పుస్తకం వెనక అట్ట మీదిది కూడబలుక్కుని చదివాను. ఒక అమ్మాయి ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతుందని ఉంది. ఎందుకు, ఎక్కడికి, తిరిగి వస్తుందా, అది అట్ట మీద లేదు.

ఆ శుక్రవారం స్పందన నాలుగున్నరకు రావలసింది అయిదున్నరకూ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. కాలేజీకి చేస్తే అందరూ మూడున్నరకే వెళ్ళిపోయారన్నారు. లారీ, కాలువ, ఎవరో మాయగాడు, నా మనసు ఎక్కని మెట్టు లేదు. చివరికి అన్నీ పోయి ఆ అట్ట ఒక్కటే మిగిలింది. నేను పోలీసు స్టేషనుకు పోలేదు, సరాసరి మార్కెట్టు వెనక సత్యభామ గారి ఇంటికి పరుగెత్తాను. నల్ల కళ్ళద్దాలతో వారు రేడియో వింటూ ఉన్నారు. గడపలో నిలబడే అడిగాను, ఆ పుస్తకంలో పిల్ల చివరికి ఏమవుతుందని.

"నేను దాన్ని చదవలేదు మునిలక్ష్మీ. ఏ పిల్ల? ఏమైంది, మొదట కూర్చో," అన్నారు.

కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. వారు రేడియో కట్టేసి ఒక ప్రశ్న వేశారు.

"ఆ పుస్తకం గురించి పిల్ల నీతో ఏమన్నా చెప్పిందా?"

"చెప్పిందక్కా. ఆ అమ్మాయి ఇంట్లో ఒక కుంటి కుక్క ఉండాదంట, ఏమో చెప్తా ఉన్నింది. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉంటిని, సరిగ్గా వినలేదు."

"ఎప్పుడు?"

"ఈ పొద్దునే."

"ఇల్లు విడిచిపోవాలనుకునే పిల్ల పొద్దున్నే అమ్మకు కుక్క కథ చెప్తాదా? దాచుకునేవాళ్ళు పుస్తకం కూడా దాచుకుంటారు. అది పోలేదు, యాడో చిక్కుకోని ఉండాది. పద."

నన్ను అంత ధైర్యంగా అనునయించిన ఆ మనిషి చెప్పులు వేసుకునేటప్పుడు కుడిది ఎడమకు వేసుకున్నారు. అది నేను చూశాను. దుమ్ములోకి పోకూడదన్న వైద్యుల మాట గుర్తుచేస్తే పైటకొంగు కంటికి అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కారు. పాతపేట బస్టాండులో, హెబ్బాళం నుంచి వచ్చే బస్సులు ఆగేచోట, సిమెంటు దిమ్మె మీద ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో బస్సు రావడం, అందరూ దిగడం, నా బిడ్డ దిగకపోవడం. వారు ఒక చేత్తో కొంగు పట్టుకుని ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. లేచి పోతానేమోనని కాబోలు, గట్టిగానే పట్టుకున్నారు.

ఆరున్నర కావస్తుండగా ఎదురు పక్కన, దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చే బస్సు ఆగింది. అందులోంచి స్పందన దిగింది. చేతిలో పుస్తకం, చదువుతున్న పేజీలో వేలు. రోడ్డు దాటి వచ్చి, "అమ్మా, నువ్వేంటి ఇక్కడ?" అన్నది. తరువాత సంగతి బయటపడింది. బస్సులో సీటు దొరికిందట, పుస్తకం తెరిచిందట, తల ఎత్తేసరికి యలహంక ఎప్పుడో దాటిపోయి, కండక్టరు దొడ్డబళ్ళాపురంలో అందరినీ దింపుతున్నాడట. ఫోనులో ఛార్జింగు లేదు. తిరుగు బస్సులోనూ సీటు దొరికింది, మళ్ళీ చదివింది. యలహంక మళ్ళీ దాటిపోకుండా దిగడమే ఘనకార్యమన్నట్టు చెప్పింది.

నేను చెయ్యి ఎత్తాను. ఆ చేయి ఇంకా సత్యభామ గారి పట్టులోనే ఉంది. వారు దాన్ని కిందికి దించి, "ఏమే, చివరికి ఆ పిల్ల ఏమైంది?" అని అడిగారు.

"ఇంకా నలభై పేజీలు ఉన్నాయి ఆంటీ."

అలా ఆ సాయంత్రం వారి ఇంట్లో స్పందన ఆ నలభై పేజీలు చదివి తెలుగులో చెప్పింది, మేమిద్దరం విన్నాం. ఆ అమ్మాయి తిరిగి వస్తుంది, తల్లి ఏమీ అడగకుండా కౌగిలించుకుంటుంది, పుస్తకం అయిపోతుంది. సత్యభామ గారు అభిప్రాయం చెప్పబోతే స్పందనే ముందు చెప్పింది. "మధ్యలో అంతా సూపర్ ఆంటీ, అందుకే స్టాప్ మిస్సయ్యాను. ఎండింగ్ మాత్రం ఫేక్. ఏ అమ్మ అట్లా సైలెంట్‌గా ఉంటుంది? మా అమ్మైతే ముందు తిడుతుంది, తర్వాత అన్నం పెడుతుంది, పెడుతూ మళ్ళీ తిడుతుంది." సత్యభామ గారు కంటికి ప్రమాదమన్న సంగతి మరచి అద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పిల్ల నన్ను ఇంత గమనిస్తున్నదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ మిగిలిన రెండు వారాలూ కొత్త నవలలన్నీ స్పందనే వారికి చదివి వినిపించింది. వారు ఒకటంటే అది ఇంకొకటి అనేది. ప్రేమ నవలల నాయకుడు వర్షంలో తడుస్తూ క్షమాపణ చెప్పడం దానికి నచ్చేది. గొడుగు తెచ్చుకోలేనివాడు సంసారం ఏం చేస్తాడని వారు వాదించేవారు. నేను పక్కన కూర్చుని బీన్స్ తుంచుతూ వినేదానను. కన్ను సంపూర్ణంగా నయమై వారు తిరిగి కౌంటరుకు వచ్చినా, శనివారాల ఆ వాదులాట ఈ నెల వరకూ ఆగలేదు. మన పాఠకులలో సగంమంది ఇప్పుడు దానికే వస్తున్నారు.

పోయిన శనివారం అందరూ వెళ్ళిపోయాక వారిని అడిగాను. ఎన్నో పుస్తకాలకు అడిగినట్టే అడిగాను. దాన్ని అంత దూరం పంపితే ఏమవుతుందక్కా, చివర చెప్పండి అని. వారు నా చేతిలోని పట్టీల చుట్ట తీసి పక్కన పెట్టారు.

"చదివిన పుస్తకానికైతే చెప్తాను. ఇది నేను చదవలేదు, నువ్వూ చదవలేదు. అది చదువుకోని వచ్చి చెప్తాది. అప్పుడు మాత్రం పొయ్యి మీద పాలు పెట్టొద్దు."

ఆ మాటతో నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. నిన్న హాస్టలు కాగితం మీద సంతకం చేశాను, చేశాక చేయి కడుక్కుని వచ్చి మళ్ళీ దాన్ని చదివాను. ఆగస్టు మొదటి ఆదివారం మేమే వెళ్ళి దింపి వస్తున్నాం. ఛార్జర్లు రెండు కొన్నాను.

పూజ్యులైన సత్యభామ గారూ, మీ విశ్రాంత జీవితం సుఖశాంతులతో, ఆయురారోగ్యాలతో, నూరేళ్ళు వర్ధిల్లాలని మన గ్రంథాలయ సిబ్బంది, పాఠకులు, కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న తల్లులందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాను. పాతపేట కాలిబాట మీద రాళ్ళు లేచి ఉన్నాయి, చూసి నడవండి. ఎడమ కంటిని కూడా ఈ ఏడాదే చూపించుకోండి. స్కూటరు వెనక ఒకవైపుగా కూర్చోవద్దు. స్పందన ప్రతి ఆదివారం ఇంటికి వస్తానన్నది. వచ్చిన వారం వచ్చినట్టు దాన్ని తీసుకుని మీ ఇంటికే వస్తాను. అది చెప్పేది ఎన్నేళ్ళ కథో తెలియదు. అన్నేళ్ళూ మీరు చల్లగా ఉండాలి, నా పక్కన కూర్చుని వినాలి.

— మునిలక్ష్మి, సహాయకురాలు