ఇంటికాడికే వస్తాడు

చింతామణి, 2008. పట్టు అమ్మే రేష్మె అంగడి మోహన్‌కుమార్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, రాగిముద్ద ముందు కూర్చుని పోస్టు ఖర్చుల సంగతి ఎత్తాడు. వడ్డిస్తున్నది భార్య అంబిక. ఆమె పట్టుగూళ్ళతో కట్టే హారాలను అతను ఇంటర్నెట్టులో పెట్టి అమ్ముతున్నాడు. వాకిలి పక్కన కూర్చుని పార్సలుకు తెల్లగుడ్డ చుట్టి కుడుతున్నది అతని తల్లి తిమ్మక్క. ఖర్చు పేరు చెప్పి మొదలుపెట్టిన మాట ఖర్చు దగ్గరే ఆగిపోతే అది సంసారం ఎందుకవుతుంది?

“...రెండు పార్సళ్ళు! ఒక జత హారాలకి రెండు పార్సళ్ళు, రెండుసార్లు రిజిస్ట్రీ చార్జీ. ఏంటికి అంబికా?”

“ఇంకో ముద్ద పెట్టేదా?”

“ముద్ద కాదు, అడిగిందానికి చెప్పు. పోస్టు ఖర్చు చూస్తే ఎక్కేదే గానీ దిగేది లేదు. ‘పార్సలు ఖర్చు మాదే’ అని సైటులో రాసి పెట్టిండాను నేను. ఇప్పుడు తీసేస్తే కొనేవాళ్ళు పక్కోడి దగ్గరికి పోతారు. ముందుకి పోయేకి లేదు, వెనక్కి వచ్చేకి లేదు. దాంట్లో నువ్వు ఒకటిగా పోయేదాన్ని రెండు చేస్తాండావు.”

“గూళ్ళు అణిగిపోతాయని...”

“డబ్బాలో రెండు హారాలు పట్టవా?”

“పడతాయి. అంటే, పడతాయి కానీ బిగుతయితాది. పురుగు తూటు చేసుకోని బయటికొచ్చేసిన గూళ్ళు కదా అవి. ఒకసారి అణిగితే మళ్ళా లేవవు.”

“మోహనా, చారు చల్లారిపోతాండాది. తినప్పా ముందు.”

“తింటాండాను లేమ్మా. నీకు తెలీదు. పూనా వాళ్ళు ఏమని రాసిండారో తెలుసా? సైబరు సెంటర్లో నలుగురి ముందర చదివినాను. పెండ్లికని తెప్పించుకొనిండారు. పెండ్లికొడుకు హారం ముందురోజే చేరిందంట. పెండ్లికూతురి హారం పెండ్లి అయిపోయి, చప్పరం కూడా విప్పేసినాక చేరిందంట.”

“అయ్యో!”

“అయ్యో అంటావేమి? పంపింది నువ్వే కదా.”

“ఆ పిల్ల మరి... హారం లేకుండానే...”

“పూలహారమేదో తెచ్చి వేసినారంట. అది కాదు మాట. మనకి ఒక్క స్టారు ఇచ్చిండారు. అయిదింటికి ఒక్కటి! జతని విడదీసి పంపేవాళ్ళని యాడా చూడలేదని రాసిండారు. ఏమని జవాబు రాయాల నేను?”

“గూళ్ళు అణిగిపోతాయని రాయండి.”

“మళ్ళా అదే చెప్తాండావే!”

“దాన్నేం అనద్దప్పా. నా వల్లే ఆలస్యం. కండ్లు సరిగ్గా కనిపించవు కదా. పొద్దుకి ఒక్క పార్సలు కుట్టేకే నాకు చాలయితాది.”

“కంటి డాక్టరు దగ్గరికి పోదామంటే రావు.”

“డాక్టరేంటికి లేప్పా. వయసైతే అందరికీ అంతే.”

“అదే నేను చెప్పేది. ఈ వయసులో నీకేంటికమ్మా సూదీ దారమూ? అందుకే అంతా మాట్లాడి ముగించేసి వచ్చినాను. రేపట్నుంచి కొరియరు.”

“కొరియరా?”

“కొరియరే. క్యూ వద్దు, గుడ్డ వద్దు, లక్క వద్దు. ప్లాస్టిక్ కవరులో వేసి అంటించేస్తే అయిపాయె. పదకొండు గంటలకి ఇంటికాడికే వస్తాడు. వచ్చి తీసుకుపోతాడు.”

“ఇంటికాడికే?”

“ఇంటికాడికే అంబికా. నువ్వు గడప దాటే పనే లేదు.”

“కానీ... కొరియరు వాళ్ళు తూకం చూడరంట. డబ్బా కొలుస్తారంట. పొడుగు, అడ్డం, ఎత్తు. మన గూళ్ళు దూది మాదిరి తేలిక. పోస్టాఫీసులో తూకానికైతే తక్కువ పడతాది, కొలతకైతే...”

“ఎవురు చెప్పినారు నీకు?”

“క్యూలో ఎవురో అంటాంటే విన్నాను.”

“అదీ మాట్లాడినాను. నెలకి ఇన్ని పార్సళ్ళని ఒప్పుకుంటే తూకానికే తీసుకుంటాడంట.”

“పల్లెలకి పోరంట వాళ్ళు.”

“మన హారాలు పల్లెల్లో ఎవురు కొంటాండారు? అన్నీ పూనా, బొంబాయి, ఢిల్లీ.”

“పోస్టు కంటే ఎక్కువే కదా అయ్యేది?”

“కొంచెం ఎక్కువే. అయితే కానీ.”

“ఖర్చు ఎక్కువయితాండాదనే కదా మీరిప్పుడు మొదలుపెట్టిండేది?”

“...మజ్జిగ పొయ్యి.”

“పోస్తాను. చెప్పండి, ఖర్చు గురించే కదా?”

“ఖర్చొక్కటే కాదు. నీకు తిరుగులాట తప్పుతాది. ఆ ఎండలో...”

“ఎండ నన్నేం చేసింది?”

“పోస్టాఫీసు ఎంత దూరం అంబికా?”

“...అంత దూరమేం లేదు.”

“పదకొండుకి పోతే ఒంటిగంటకి వస్తాండావంట.”

“క్యూ ఉంటాది.”

“రోజూనా?”

“రోజూ ఉంటాది. పింఛనోళ్ళు, మనియార్డరోళ్ళు. ఒక్కో పొద్దు ఆ తూకం మిషను సరిగ్గా పనిచేయదు.”

“రామచంద్రప్ప నిన్ను బస్టాండులో చూసినాడంట.”

“ఏ రామచంద్రప్ప?”

“పాత్రల అంగడి రామచంద్రప్ప. ఎంతమంది ఉండారు రామచంద్రప్పలు? బెంచీ మీద కూచోనున్నావంట.”

“కాలు నొప్పేసి కూచున్నాను.”

“ఒక్క పొద్దు కాదంట. ఎప్పుడు చూసినా అదే బెంచీ అంట. ఆయప్ప నోట్లో నువ్వుగింజ నానదు. నన్ను చూసి నవ్వి, ‘ఇంట్లోవాళ్ళు యాడికో ప్రయాణమేమో’ అన్నాడు. నా అంగడి ముందర, గిరాకీల ముందర.”

“నేను యాడికీ పోలేదు.”

“పోయినావని నేనన్నానా? నాకు నీ మీద ఏమీ లేదు. బజార్లో నోర్లుంటాయి, అంతే. ఆ బజార్లోనే కదా నేను అంగడి తెరుచుకోని కూచోవాల. నీ మంచికే చెప్తాండాను.”

“వారానికి ఒక్కసారి పోతాను. సోమవారం మాత్రం, అన్నీ ఒకేసారి తీసుకోని...”

“ఏంటికి? ఇంటికాడికే వస్తాడంటాంటే?”

“రాకపోతే?”

“వస్తాడు.”

“ఆదివారం రాడు కదా.”

“ఆదివారం పోస్టాఫీసుకీ రజానే. ఏమి అంబికా, చిన్నపిల్ల మాదిరి! పని తగ్గిస్తాంటే ఏడుపు మొగం పెట్టేవాళ్ళని నిన్నే చూస్తాండాను. అమ్మనడుగు. అమ్మా, నువ్వే చెప్పు. వారం వారం రాగులు మోసుకోని పిండిమరకి పోతాంటివి కదా నువ్వు?”

“పోతాంటి.”

“నాయన ఏం చేసినాడు? ఈమె తల మీద మూటెత్తుకోని పోయేదేందని ఆంజనప్పని పెట్టినాడు. పాపం ఆంజనప్ప సైకిలేసుకోని ఇంటికాడికే వచ్చి, రాగులు తీసుకుపోయి పిండి తెచ్చిస్తాండె. ఎంత సుఖమయింది నీకు!”

“అవునప్పా. శానా సుఖమయింది.”

“విన్నావా అంబికా?”

“విన్నాను.”

“ఇంకేమి మరి? చేతికి నీళ్ళు పొయ్యి, నేను పోవాల. అమ్మా, ఆ సూదీ గుడ్డా ఎత్తి పెట్టేయ్. రేపట్నుంచి నీకూ రెస్టు.”

“ఈ ఒక్కటీ ముగించేస్తాలేప్పా.”

మోహన్‌కుమార్ చెప్పులేసుకుని అంగడికి వెళ్ళిపోయాడు. మంచి చేసిన మనిషి నడక అది, తేలిగ్గానే ఉంది. ఇంట్లో అత్తాకోడళ్ళు మిగిలారు.

“అత్తా, మీకు ముద్ద పెట్టేదా?”

“కూచో ముందు.”

“గిన్నెలుండాయి.”

“గిన్నెలు యాడికి పోతాయి? వాటికీ గడప దాటే పని లేదు. కూచో.”

“కూచున్నాను. చెప్పండి.”

“ఏ బస్సు?”

“ఏమత్తా?”

“బస్టాండులో ఏ బస్సు చూస్తాంటివి?”

“...చాకవేలు బస్సు.”

“మీ ఊరి బస్సా.”

“మొదట్లో మా ఊరోళ్ళెవురైనా దిగుతారేమోనని కూచుంటి. ఎవురూ దిగలేదు. దిగినా నన్ను చూడలేదు. తరవాత ఊరికే కూచుంటాంటి. ఎక్కాలని కాదత్తా, మీ మీద ఒట్టు. ఎక్కి యాడికి పోతాను? ఇక్కడేం తక్కువ నాకు? కానీ ఆ బెంచీ మీద కూచుంటే, ఎక్కాలంటే ఎక్కొచ్చు కదా అని ఒకటి ఉంటాది. ఈడ ఈ వంటింట్లో అది ఉండదు. ఊపిరాడదు. అంతకు మించి ఏమీ లేదు. దాన్ని ఆయనకి ఎట్ల చెప్పాల నేను?”

“మరలో నేను పాడుతాంటి.”

“ఏమీ?”

“రాగుల మరలో. బెల్టు తిరిగేటప్పుడు ఆ సద్దుకి పక్క మనిషి మాట కూడా వినపడదు. మూట వరసలో పెట్టి, గోడకానుకోని, గొంతెత్తి పాడుతాంటి. ఇంట్లో పాడితే మీ మామకి సరిపోదు. మరలో ఎవురికి వినపడతాది? ఒక పొద్దు ఏడిస్తి కూడా. కంట్లో పిండి పడిందంటే నమ్మినారు అందరూ.”

“మరి మామ ఆంజనప్పని పెడతానన్నప్పుడు వద్దనలేదా?”

“ఏమని చెప్పేది? నా మూట నాకే ఉండనీ, బరువు తీయద్దని చెప్పాల్నా? కొట్టేవాడినైతే వద్దనొచ్చు. మంచి చేసేవాడిని వద్దనేకి మాట యాడుండాది? నువ్విప్పుడు ఎన్ని చెప్తివి, డబ్బా కొలతలు, పల్లెలు, ఆదివారం! ఒక్కటైనా నిలిచిందా?”

“లేదు.”

“నేను అప్పుడు అన్ని కూడా చెప్పలేకపోతి. సరే అంటి. అంతే. ఆంజనప్ప పోయినాక ఇంట్లోకే పిండి మిషను తెచ్చి పెట్టె మీ మామ. దానికీ సరే అంటి.”

“అత్తా.”

“ఏమి?”

“ఇప్పుడు దారం తెగితే సూదికి మీరే ఎక్కించినారు.”

“ఊఁ.”

“రోజూ నేను కదా ఎక్కించి ఇచ్చేది. కనిపించదంటిరి కదా మీరు?”

“కనిపిస్తాది.”

“మరి...”

“నా కండ్లకేమయింది? బాగుండాయి. డాక్టరు దగ్గరికి పోతే బయటపడిపోతాది, అందుకే పోనిది.”

“గూళ్ళు అణిగిపోతాయి, ఒక్కో హారం విడిగా పెట్టమని మీరే కదా చెప్పింది?”

“ఏ గూళ్ళూ అణగవు. గూళ్ళ మధ్యలో పుట్టి పెరిగిన దాన్ని, నాకు తెలీదా? రెండూ ఒకే పొద్దు పోతే, మరునాడు నువ్వు యాడికి పోతావు? అందుకని ఈ పొద్దు ఒకటి కుట్టి, రేపటికి ఒకటి నిలిపి పెడతాంటి. చెప్పులేసుకోనేటప్పుడు నీ మొగం చూస్తాంటి నేను.”

“ఆయనడిగితే మీ పేరు చెప్పలేదు నేను.”

“చూస్తి కదా. నా మాటకి నువ్వు చీవాట్లు తింటివి.”

“ఆ పూనా పిల్ల...”

“ఆ పాపం నాదే. పెండ్లిపందిట్లో ఒక్క హారంతో నిలబెడితినే పిల్లని! నేనట్ల అనుకోలేదే. ఇంకో జత కట్టు. మంచి గూళ్ళు ఏరి కట్టు. ఊరికే పంపుదాం. రెండూ ఒకే డబ్బాలో, నేనే కుట్టిస్తాను.”

“ఎట్ల పంపేది? రేపట్నుంచి కొరియరు కదా.”

“ఎన్ని గంటలకి వస్తాడన్నాడు?”

“పదకొండుకి.”

“అయితే పదిన్నరకే బయల్దేరాల. నేనూ వస్తాను.”

“మీరా? పోస్టాఫీసుకా?”

“మర ఆ దోవలోనే కదా ఉండేది. ఇంకా తిరుగుతాండాదా అది?”

“తిరుగుతాండాది. వీధి కొసకి వినపడతాది సద్దు.”

“మంచిది.”

“బజార్లో మళ్ళా రామచంద్రప్ప...”

“కోడలొక్కతే పోతే మాట. అత్త వెనక నడిచే కోడల్ని ఈ ఊర్లో ఎవురేమంటారు? అణకువ అంటారు. తిరిగొచ్చేటప్పుడు ఆ బెంచీ మీద నేనూ కూచుంటాను. ఇద్దరికీ నమస్కారం చేసి పోతాడు మీ రామచంద్రప్ప.”

“రోజూ పంపేకి ఏముంటాది అత్తా?”

“లేని పొద్దు ఒక కార్డు కొనుక్కోని వద్దాం.”

“ఆయన ఊరుకోరు.”

“ఊరుకోడు. అరుస్తాడు. నా ఎదురుగా ఎంతసేపు అరుస్తాడో చూద్దాం. లోపల పెట్టెలో బీగముంటాది, తెచ్చి కొంచెం నూనె పెట్టు. తుప్పు పట్టింటాది.”

“బీగమా? ఈ ఇంటికి బీగం వేసిందే నేను చూడలేదత్తా.”

“ఎట్ల వేస్తారు? ఎప్పుడూ లోపల నేనుంటి కదా.”

“మరి కొరియరు ఆయన వస్తే?”

“రానీ. ఇంటికాడికే కదా వచ్చేది, ఇంటికాడే నిలబడనీ.”