రెండక్షరాల జాగా

“మెల్లిగా రాయి అమ్మడూ. పెద్దగా రాయి. నువ్వు సుద్దముక్కతో ఎలా గీస్తే నేనలా చెక్కుతా.”

“ముందు ఏం రాయాలో చెప్పు తాతా. రేపు పొద్దున్నకల్లా పెదతాత సమాధి దగ్గర రాయి నిలబెట్టాలి.”

“అన్నా... అని రాయి.”

“పేరు?”

“పేరెందుకు? నేను వాణ్ణి పేరు పెట్టి పిలిచానా?”

“అసలు పిలిచావా అని! నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇదే షెడ్డులో, ఒకే రాయికి చెరో వైపు కూర్చున్నారు. ఒక్కసారి పిలవగా వినలేదు.”

“అన్నా అని రాయమన్నా.”

“సరే, సరే. ముందు ఈ నేల మీద రాసి చూస్తా.”

“చాలదేమో కదూ? మరీ చిన్న మాట. నువ్వు డిక్షనరీల ఆఫీసులో పనిచేస్తావుగా... మిగతావాళ్లు ఏమంటారు దీన్ని?”

“మాట ఇదే ఉంటుంది తాతా, అర్థం మారిపోతుంది. మంచు పడే ఒక దేశంలో అన్న అంటే ‘ఇవ్వు’ అని.”

“ఇచ్చాడు. బడికి పొమ్మని వాడి పలక నాకిచ్చాడు. నేనే గోడవతల పారేసి పారిపోయొచ్చా.”

“ఇంకో చోట, కాస్త అటూ ఇటూగా ఇదే మాటకి అర్థం అమ్మ.”

“ఊఁ... అమ్మ పోయాక నాకు తల దువ్వింది వాడే. ఎంత గట్టిగా దువ్వేవాడో, దున్నపోతు.”

“పాత పుస్తకాల భాషలో అన్నం. చాలా దేశాల్లో ఆడపిల్లల పేరు. ఆ పేరు పుట్టిన భాషలో దయ అని.”

“ఆడపిల్ల పేరా! వాడు వింటే మీసం తడుముకునేవాడు.”

“నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?”

“రాతిపొడి... కంట్లో పడింది.”

“ఇవాళ నువ్వు సుత్తే ముట్టుకోలేదు.”

“నిన్నటిదిలే.”

“అలాంటివాడితో మాటెందుకు మానేశావు తాతా?”

“ఓ రాయి మీద అక్షరం తలకిందులు చెక్కా. రాయి కోసం వచ్చినవాళ్లందరి ముందూ ‘వీడికి అక్షరం ముక్క రాదు’ అన్నాడు. అంతే. పంతొమ్మిదేళ్లు.”

“నిజమేగా మరి?”

“నిజం కాబట్టేగా అంత మండింది!”

“మరి పనెలా సాగింది?”

“సుత్తితో. ఒక దెబ్బ కొడితే ఆగమని. రెండు కొడితే రాయి తిప్పమని. కుడి చివర వాడు, ఎడమ చివర నేను. నా వైపు అక్షరాలు కూడా వాడే సుద్దతో గీసిపెట్టేవాడు. చెక్కుకుంటూ చెక్కుకుంటూ మధ్యలో కలిసేవాళ్లం.”

“ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు కూడా పిలవలేదా?”

“నోటిదాకా వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాడు కూడా. ఇంటికొచ్చాక పిలుద్దాంలే అనుకున్నా.”

“తాతా...”

“సర్లే. రాయి చూడు. ఆ మూల, గోనెపట్టా కింద.”

“ఇది ఎవరిదో కదా?”

“ఎవరిదో ఆర్డరు. నాలుగేళ్లయింది, తీసుకుపోలేదు. వాడి వైపు వాడు చెక్కేసి రాయిని నా ముందుకు జరిపాడు. నా వైపు చూస్తే ఖాళీ. ఒక్క సుద్దగీత లేదు. ఏం చెక్కాలని నేను?”

“అడగొచ్చుగా?”

“అడిగితే నాకు చదవడం రాదని మళ్లీ ఒప్పుకున్నట్టేగా! పట్టా కప్పేసి మూలకి నెట్టా. దాన్నే తిప్పి, వెనకవైపు చెక్కుదాం.”

“ఉండు, పట్టా తీయనీ... తాతా.”

“ఏంటి? పగిలిందా?”

“ఇది ఎవరి ఆర్డరూ కాదు.”

“మరి?”

“నువ్వు ముందు కూర్చో.”

“చదవవే!”

“నీ వైపు రెండక్షరాలకి జాగా వదిలాడు తాతా. ఆ పక్కన... ‘అని పిలిచాడు మా తమ్ముడు’ అని ఉంది.”