ఒకే ఒక్క జలగ

మాంటెవిడియోలో ఒక సాయంత్రం. ఆన్‌లైన్ పాఠం మధ్యలో షిమేనాకి మళ్ళీ ఇంటర్నెట్ పోయింది. తల్లి నేలిదా మాతే అనే ఆకు తేనీరు పోసిన సొరబుర్ర పట్టుకుని, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడి ఉంది.

"మళ్ళీ పోయింది! అమ్మా, మళ్ళీ పోయింది. పిల్లల మొహాలన్నీ తెర మీద బిగుసుకుపోయాయి."

"వానమ్మా. వానొస్తే ఇంతే."

"వాన నిన్ననే వెలిసింది."

"అయితే పై ఇంటివాళ్ళు. వాళ్ళెప్పుడూ ఏదో ఒకటి చూస్తూనే ఉంటారు. ఇంద, వేడిగా ఉంది, ఒక్క గుక్క తాగు."

"మాతే కాదమ్మా ఇప్పుడు నాక్కావలసింది! ఇంకోసారి పాఠం ఆగితే వేరే టీచర్ని చూసుకుంటామని పిల్లల తల్లులు మొహం మీదే చెప్పేశారు. మనం తినేది ఆ పాఠాల మీదే కదా. ఇదేంటి? మోడెమ్ వెనకనుంచి ఈ తీగ ఎటు పోతోంది?"

"ఏ తీగ?"

"ఈ నీలం తీగ. గోడ వారనే పోయి… అమ్మా, ఇది బ్రౌలియో గదిలోకి పోతోంది."

"ఆ తలుపు తియ్యకు."

"ఏం?"

"సర్దలేదు."

"తమ్ముడు పోయినప్పట్నించీ సర్దలేదని నాకూ తెలుసు. జరుగు. జరగమ్మా… వాడి కంప్యూటర్ ఎందుకు నడుస్తోంది?"

"దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలిందేమో."

"చెయ్యి తగిలితే వాడి స్వెట్టర్ కూడా దానంతటదే వచ్చి కప్పుకుందా?"

"చప్పుడు నీకు వినబడకూడదని కప్పాను. సరే, నేనే. ఒక్కరోజు కూడా ఆపలేదు. తిట్టు, ఎంత తిట్టుకుంటావో."

"తిట్టడం కాదు. ఎందుకూ అని."

"ఆస్పత్రికి వెళ్తూ ఈ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. 'అమ్మా, దాన్ని ఆపకు, విత్తనాలు వేస్తున్నాను' అన్నాడు. నాతో అదే ఆఖరి మాట. నేనెట్లా ఆపనే?"

"అయ్యో అమ్మా… ఆ విత్తనాలు వేరు. మన దగ్గరున్న ఫైళ్ళు ఇంకొకళ్ళు తీసుకునేట్టు వదిలిపెట్టడాన్ని విత్తనం వెయ్యడం అంటారు. వాళ్ళ మూర్గా పాటల బృందం కార్నివాల్ పండగ కోసం పాడుకున్న వీడియోలన్నీ ఇందులో పెట్టాడు. కొండంత ఉన్నాయి. ఎవరో లాక్కుంటున్నారు, అందుకే మన నెట్‌కి ఊపిరాడట్లేదు."

"ఎవరో ఉన్నారా? వాడి పాటలు కావాలనుకునేవాళ్ళు?"

"ఒక్కడే. ఇదిగో, తెర మీద ఒకే ఒక్క గీత. ఇచ్చేవాడు విత్తనం, ఊరికే తీసుకుపోయేవాడు జలగ. ఈ జలగ మొత్తం లాక్కుంటాడు, మళ్ళీ మొదటినుంచీ లాగుతాడు. ఎవడో తిక్కవాడు."

"తిక్కవాడనకు. నా కొడుకు పాట వింటున్నాడు. మీ నాన్న ఏనాడైనా విన్నాడా?"

"నాన్న ఊసెత్తకు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన మర్నాడే పెట్టె సర్దుకుని రివేరాలో అత్త ఇంటికి వెళ్ళిపోయాడు. కనీసం ఒక్క ఫొటో తీసుకెళ్ళాడా? ఒక్క ఫోన్ చేశాడా?"

"ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. రాయి మనిషి."

"అమ్మా, ఆపేస్తున్నాను."

"వద్దే. వద్దు తల్లీ. ఇదాగితే వాడు నిజంగా…"

"వాడు ఎప్పుడో పోయాడమ్మా! నాకు మాత్రం లేదా బాధ? ఈ గది ఛాయలకే రాకుండా ఎందుకు తిరుగుతున్నాననుకున్నావ్?"

"మెల్లగా నొక్కు. మెల్లగా… ఆగిందా?"

"ఆగింది."

"ఎంత నిశ్శబ్దమే ఈ ఇల్లు. పో, పోయి నీ పాఠం చెప్పుకో."

"నెట్ వచ్చింది. ఏడవకమ్మా, నా బంగారం కదూ. అదిగో ఫోన్ మోగుతోంది."

"పిల్లల తల్లులెవరో అయ్యుంటారు. నువ్వే మాట్లాడు."

"నాది కాదు, నీ ఫోనే. రివేరా నంబరు."

"ఇటివ్వు… హలో. ఆఁ, నేనే. ఏంటీ? ఆఁ, ఇప్పుడే. కాస్త నిదానంగా చెప్పు, అలా ఏడుస్తూ చెబితే నాకేం తెలుస్తుంది?"

"నాన్నేనా? ఏమంటున్నాడమ్మా?"

"వాడి పాటలన్నిటికీ ఫోన్‌లో చోటు చాలదట. చూసి చెరిపేసి, మళ్ళీ తెచ్చుకుంటాడట. రోజూ. పాట మధ్యలో బ్రౌలియో నోరు తెరిచి అట్లాగే ఆగిపోయాడట. 'నా కొడుకుని ఎవరాపారు?' అంటున్నాడు. ఏం చెప్పనే?"