నేను తీయనన్న నేల

అధ్యక్షస్థానంలో ఉన్న మా సంస్థ పెద్దాయనకు, వేదిక మీది పెద్దలకు, ముప్పయ్యొక్క ఏళ్ళుగా నా కోపాన్ని భరించిన సహోద్యోగులకు, సైటు పనులు ఆపుకుని వచ్చిన మేస్త్రీలకు, వడ్రంగులకు, మొదటి వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మావారికి నమస్కారం. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళందరూ నన్ను చాలా మంచిదాన్ని చేసేశారు. మీ చేతుల్లో ఉన్న ఈ వీడ్కోలు సభ కరపత్రంలో కూడా ‘ఎన్నడూ ఎదురు చెప్పని సౌమ్యురాలు’ అని అచ్చువేశారు. అది ఎవరు రాశారో నాకు తెలియదు కానీ, రాసినవాళ్ళు నాతో ఒక్క రోజైనా పనిచేసి ఉండరు. (నవ్వులు) నేను ఎదురు చెప్పాను. ఈ వేదిక మీద కూర్చున్న పెద్దాయనకే చెప్పాను. ఎందుకు చెప్పానో ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. ఇవాళ చెప్పడానికి నాకు అనుమతి దొరికింది కాబట్టి, పూలగుత్తి ఇచ్చిన చేతిని నొప్పించినా సరే, చెప్పే వెళ్తాను.

ఆరేళ్ళ కిందటి మాట. తొమ్మిదో అంతస్తులో ఒక ఫ్లాటు. మూడు పడకగదులు, పొడవాటి హాలు, పడమటి వైపు నిలువెత్తు కిటికీ. కొన్నవాళ్ళు భార్యాభర్తలు, లోపలి అలంకరణ మన సంస్థకి అప్పజెప్పారు. ఆయనది మందుల దుకాణం, ఆవిడ బళ్ళో సైన్సు చెప్తారు. మన ఆఫీసులో ఆవిణ్ణి అందరం టీచర్ గారనే పిలిచాం, నేనూ అలాగే అంటాను. ఇల్లు ఎలా ఉండాలో మాట్లాడుకుందామని అప్పటికి వాళ్ళు ఉంటున్న అద్దెయింటికి వెళ్ళాను. నా పద్ధతి మీకు తెలుసు. ముందు టీ తాగుతాను, తరవాతే టేపు తీస్తాను. టీచర్ గారు తెల్లటి వంటగట్టు మీద తెల్లటి కప్పు పెట్టి టీ పోశారు. సగం కప్పులో పడింది, సగం గట్టు మీద పడింది. “పరధ్యానం ఎక్కువండీ నాకు,” అని నవ్వేశారు. నేనూ నవ్వాను.

రెండోసారి కొత్త ఫ్లాటులోనే కలిశాం. గోడల రంగులోనే ఉన్న అలమర తలుపు ఒకటి సగం తెరిచి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ నేరుగా వెళ్ళి దానికి కొట్టుకున్నారు. నుదురు బొప్పి కట్టింది. “ఇక్కడ తలుపెవరు పెట్టారండీ!” అన్నారు. ఆ నవ్వు మాత్రం మొదటిసారంత బాగా రాలేదు.

మూడోసారి మళ్ళీ అద్దెయింటికి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక నల్ల ట్రే పెట్టుకెళ్ళాను. ఏమీ అనకుండా వాళ్ళ గట్టు మీద పెట్టి, దాని మీద తెల్ల కప్పు పెట్టాను. ఆవిడ వచ్చారు, టీ పోశారు, చుక్క బయట పడలేదు. పోసిన గిన్నె కింద పెట్టకుండానే అడిగారు.

“ఎప్పుడు కనిపెట్టారు?”

“మొదటి రోజే అనుమానం వచ్చింది. బొప్పి కట్టిన రోజు రూఢి అయింది.”

అప్పుడు కూర్చుని చెప్పారు. చూపు చుట్టూతా నుంచి మూసుకొస్తోందట, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, తెలుపు మీద తెలుపు పెడితే విడిగా కనిపించదట. గొట్టం ఏటేటా సన్నబడుతుందని డాక్టరు చెప్పాడట. వాళ్ళాయనకు తప్ప ఎవరికీ తెలియదు. “బళ్ళో తెలిస్తే లాబ్ నుంచి తప్పిస్తారు, ఎదురుపడినప్పుడల్లా జాలిపడతారు. ఈ రెండూ నాకొద్దు. మీరు ఎవరికీ చెప్పనని నాకు మాటివ్వాలి,” అన్నారు. ఇచ్చాను.

మావారు చెయ్యి ఊపుతున్నారు. తొందరగా ముగించమని కాబోలు. ఆగండి, అసలు కథ ఇప్పుడే మొదలైంది.

ఆ ఇంటి డ్రాయింగులు మూడుసార్లు చింపి నాలుగోసారి వేశాను. గుమ్మం లోపల గరుకు నాపరాయి. అక్కణ్ణుంచి హాలంతా చెక్క, అరికాలికి వెచ్చగా తగిలేది. వంటగదిలో మెరుపు లేని, సన్నటి గీతలున్న పలకలు, ఆ గీతలు గట్టు వైపుకే పోతాయి. చదువుకునే గదిలో ముతక ఉన్ని తివాచీ. పడకగదిలో సీసా బిరడాలు చేసే బెండు పలకలు పరిచాం, అడుగేస్తే మెత్తగా దిగుతుంది. ఎక్కడ ఒక నేల అయిపోయి ఇంకోటి మొదలవుతుందో అక్కడ వేలి వెడల్పున ఇత్తడి పట్టీ, కాలికి చల్లగా తెలిసేది. గోడలు లేతవి, ద్వారబంధాలు ముదురు. లేత గోడ మీద నల్ల స్విచ్‌బోర్డులు. వంటగట్టు నల్లది, కప్పులు తెల్లవి. చూపు ఉన్నన్నాళ్ళు కంటికి, ఆ తరవాత కాలికీ చేతికీ ఏ గది ఎక్కడుందో ఇల్లే చెప్పాలి. అందంగా లేదని మాత్రం ఎవరూ అనలేరు. ఆ గరుకు రాయి పక్కన ఆ చెక్కని సాయంత్రపు ఎండలో చూసి నేనే కాసేపు పని మరిచి నిలబడ్డాను.

ఆ రాయి పరిచిన మనిషి ఇక్కడే ఉన్నాడు, వెనక గోడకు ఆనుకుని. చొక్కా జేబులో ఎప్పుడూ దారపుండ ఉంటుంది కాబట్టి మనందరికీ దారం మేస్త్రి. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి మేస్త్రీ, కూర్చో. కూర్చోడు. ఆయనా నాలాగే, చెప్పిన మాట వినే రకం కాదు. (నవ్వులు)

సరిగ్గా అప్పుడే పెద్దాయన ఆ ఫ్లాటుని సంస్థ తరఫున పత్రికలో వేయించాలని నిర్ణయించారు. ఫొటోలు తీసేవాళ్ళు వచ్చే వారం వస్తారనగా సైటుకి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఇదేంటి? ఇల్లా, మన ఆఫీసు సాంపిల్స్ గదా?”

“ఇల్లే సార్.”

“నాలుగడుగులకో నేలా? ఫొటోలో ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. ఇదంతా తీసేసి ఒకటే లేత బూడిదరంగు పలక వేయించండి. మెరుస్తుండాలి.”

“తీయను సార్.”

“కారణం?”

“కారణం ఉంది. చెప్పను.”

సార్, మీ మొహం అప్పుడెలా మారిందో నాకిప్పటికీ గుర్తుంది. మీరు నన్ను వదిలేసి మేస్త్రి వైపు తిరిగి, “నువ్వు తియ్యవయ్యా,” అన్నారు. మేస్త్రి చేతులు కడుక్కొచ్చి, ఆ రాతి మీదే బాసింపట్టు వేసుకుని, క్యారేజీ విప్పాడు. “మేడమ్ చెప్తేనే తీస్తా సార్. ఈలోగా అన్నం తింటా,” అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

టీచర్ గారి భర్త మర్నాడే ‘మాకు ఈ నేలే కావాలి’ అని ఉత్తరం రాసిచ్చారు కాబట్టి నేల నిలిచింది. నేను నిలవలేదు. ఆ పని నుంచి తప్పించారు. పత్రికలో ఆ ఇంటి ఫొటోలు రాలేదు. సంస్థ చేసిన ఇళ్ళ జాబితాలో దాని పక్కన నా పేరు కొట్టేశారు. నన్ను నిజంగానే సాంపిల్స్ గదికి పంపారు. కిటికీ లేని ఆ గదిలో పలక ముక్కలకు చీటీలు అతికిస్తూ, మళ్ళీ నా బల్ల దగ్గరికి పిలిచేదాకా పదకొండు నెలలు కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే టీచర్ గారు ఫోన్ చేశారు. “నా వల్లే కదండీ ఇదంతా. నేనే వచ్చి మీ సార్‌కి చెప్పేస్తాను.”

“చెప్పకండి. మీ కళ్ళ సంగతి మీది. దాన్ని అడ్డం పెట్టుకుని నా కుర్చీ కాపాడుకోను,” అన్నాను.

గొప్పగానే అన్నాను. ఫోను పెట్టేసి ఆ చీటీల మధ్య కూర్చుని ఏడ్చాను కూడా. ఇందాక నా గురించి అంత బాగా మాట్లాడిన మిత్రుల్లారా, ఆ పదకొండు నెలల్లో మీలో ఒక్కరు కూడా ఆ గదికి వచ్చి నాతో టీ తాగలేదు. నిష్ఠూరమే ఆడుతున్నాను. ఇవాళ కూడా ఆడకపోతే ఇంకెప్పుడు ఆడతాను?

టీచర్ గారి చూపు ఇప్పుడు చిన్నపిల్లల చేతిగాజంత గుండ్రంగా మిగిలింది. పోయిన నెల ఆవిడే బళ్ళో అందరికీ చెప్పేశారు. లాబ్ నుంచి ఎవరూ తప్పించలేదు. తెల్లటి బల్లల అంచులకు నల్ల పట్టీలు అతికించుకుని పాఠాలు చెప్తున్నారు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి, “ఇక మీరు కూడా చెప్పెయ్యండి, ఎన్నాళ్ళు మోస్తారు?” అన్నారు. మూడో వరసలో నీలం చీర కట్టుకుని కూర్చున్నది ఆవిడే. (చప్పట్లు)

పెద్దాయన తల దించుకున్నారు. దించకండి సార్. అసలు కారణం చెప్పుంటే మీరు ఒప్పుకునేవారేనని నాకు తెలుసు. మీరు చెడ్డవారు కాదు. కానీ అప్పుడు మీరు ఒప్పుకునేది ఆవిడ జబ్బుకి. పాతికేళ్ళు మీ దగ్గర ఇళ్ళు కట్టిన మనిషి ‘ఈ నేల ఇక్కడ ఇలాగే ఉండాలి’ అంటే, ఆ మాట ఒక్కటే చాలాల్సింది. చాల్లేదు. నా బాధ అది.

ఇందాక మీరు నాకు గౌరవ సలహాదారు పదవి ప్రకటించారు. ఇల్లు చూడకుండానే ఇల్లు అలంకరించేలా మూడు నమూనాల పుస్తకం ఒకటి వేశారు కదా, దానికి ముందుమాట కూడా రాయమన్నారు. పదవి నాకొద్దు. ముందుమాట రాయను. నా తరవాత నా బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిలకు ఒక్కటే చెప్తాను. ఆ పుస్తకం తెరవకముందు వాళ్ళింటికి వెళ్ళండి, వాళ్ళు టీ ఎలా పోస్తారో చూడండి. నేనైతే వచ్చే సోమవారం నుంచి దారం మేస్త్రితో కలిసి సొంతంగా పని మొదలుపెడుతున్నాను. యాభై ఎనిమిదేళ్ళకు ఇంటికి పొమ్మన్నారు కాబట్టి, నేరుగా ఇంకొకరి ఇంటికి పోతున్నాను. (నవ్వులు)

(అధ్యక్షులు లేచి, మైకు లేకుండానే: “అమ్మా, ఆ ఫ్లాటుని నేనొకసారి చూడొచ్చా?”)

అది నన్ను అడిగితే ఎలా సార్? అది నా ఇల్లు కాదు. ఆవిణ్ణి అడగండి.

(మూడో వరసలోంచి: “ఆదివారం రండి సార్. చెప్పులు విడిచి రండి, చాలు.” చాలాసేపు చప్పట్లు)

ఇంతకంటే నేను చెప్పగలిగిందేమీ లేదు. రాళ్ళు మోసిన చేతులకు, చెక్క చెక్కిన చేతులకు, మాట నిలబెట్టుకోనిచ్చిన టీచర్ గారికి, ఇంతసేపు కదలకుండా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఎవరినైనా నొప్పించి ఉంటే, తెలిసే నొప్పించాను.

సెలవు.