మఠం కిటికీకి కొట్టిన మేకులు

నా వీడ్కోలు సభకి అధ్యక్షులైన పాదిరి టక్‌వెల్‌గారికి, ఈ హాలోమియర్ భవనం యజమాని సర్ లయనెల్‌గారికి, ఊరి పెద్దలకి, నా వంటింటి పిల్లలకి నమస్కారం. కూర్చోవే డోర్కస్, నేనింకా చావలేదు. (నవ్వులు)

వంటమనిషి బెర్తా చేతి రొట్టె తినకుండా ఈ ఊళ్ళో ఎవరూ పోలేదని పాదిరిగారు నన్ను ఆకాశానికెత్తేశారు. ఒకడు పోయాడండి. వాడి మాటెత్తకుండా ఈ వెండి టీ కెటిల్ పుచ్చుకుంటే నాకు పుట్టగతులుండవు.

ఈ భవనం ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం. వందల ఏళ్ళ కిందట వాళ్ళని వెళ్ళగొట్టి రాజుగారు దీన్ని అయ్యగారి పూర్వీకులకిస్తే, వాళ్ళు సన్యాసుల గదుల్లో పట్టెమంచాలేశారు, ప్రార్థన చేసే చోట విందులు చేశారు గానీ, గేటు పక్క సన్యాసులు అన్నదానానికి పెట్టిన కిటికీ జోలికి మాత్రం పోలేదు. తట్టినవాడికి రొట్టెముక్క, గ్లాసుడు బీరు. పేరడగరు, ఎందుకొచ్చావనడగరు. గొర్రెలు కాసే మా అన్న ఈనక్‌కి మోకాళ్ళు పోయి పని పోయినప్పుడు, "వంటింటికి రా అన్నయ్యా, వేడిగా పెడతా" అంటే, "నీ గుమ్మానికొస్తే ముష్టి బెర్తా, కిటికీ తడితే నా హక్కు" అన్నాడు. మొండిఘటం!

మొన్న శరదృతువులో కార్లలో వచ్చిన షోకిలాలు సరదాకి తట్టి, ఫొటోలు దిగి, రొట్టె కుక్కలకేసి పోయారు. అయ్యగారికి ఒళ్ళు మండి కిటికీకి మేకులు కొట్టించారు. ఎగతాళి చేసిందెవరు, శిక్ష పడిందెవరికండీ?

"మంచు పడితే తీస్తార్లే, వాళ్ళూ మనుషులేగా" అన్నాడు ఈనక్. జనవరిలో మంచు పడింది. తెల్లారి చూస్తే కిటికీ కింద బిగుసుకుపోయి ఉన్నాడు. తట్టీ తట్టీ వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. నా వంటిల్లు ఆ చివర. అంత దూరం వినపడదండి.

అయ్యగారూ, మీరు చెడ్డవారు కారు. మా అన్న సమాధి దగ్గర టోపీ తీసి వానలో నిలబడ్డారు. కానీ మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. రోజూ చూస్తున్నాను.

ఈ కెటిల్ నాకొద్దు. ఇవాళ్టితో నేను ఈ ఇంటి మనిషిని కాను, కిటికీకి బయటివైపు మనిషిని. ఇన్నాళ్ళు పెట్టిన కూటికీ, చేసిన మర్యాదకీ మీ అందరికీ దణ్ణం. ఇప్పుడు తిన్నగా గేటు దగ్గరికెళ్ళి తడతాను. తీసేదాకా తడతాను. మేకులు పీకేదెవరో మీలో మీరు తేల్చుకోండి. సెలవు.