పని బట్టల ప్రార్థన

శనివారం సాయంత్రం, మెకానిక్ షెడ్డు. ప్రార్థనకు మిగతావాళ్ళు ఇంకా రాలేదు. మెకానిక్, అతని బావమరిది, ఇద్దరే ఉన్నారు.

"ఆ డబ్బా మీద కూర్చోకు."

"ఏం బావా, తడిగా ఉందా?"

"తడీ లేదు, పొడీ లేదు. కూర్చోకన్నాను, అంతే. నిలబడు."

"సరే, నిలబడ్డా. ఏంటివాళ ఇంత చిరాగ్గా ఉన్నావు? బండేదైనా మొరాయించిందా?"

"మొరాయించింది. ఒక కస్టమర్ బండి. నడిరోడ్డు మీద ఆగిపోయిందని ఫోన్ చేస్తే వెళ్ళా. ఎక్కడ ఆగిందో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"పెద్ద రంగుల షోరూమ్ లేదూ, మొత్తం అద్దాలే ఉంటాయి. సరిగ్గా దాని ఎదురుగా."

"ఊఁ."

"ఊఁ అంటావేంట్రా? నీకు తెలియని చోటా అది?"

"తెలుసు. అప్పుడప్పుడు వెళ్తుంటాను గదా."

"దేనికి?"

"రంగులకి. పెయింటర్ని, రంగుల షాపుకి కాక ఇంకెక్కడికి వెళ్తాను?"

"బానెట్ ఎత్తి వైర్లు చూస్తున్నా. ఊరికే తల తిప్పితే అద్దంలోంచి లోపల ఒకడు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, తళతళలాడే నల్ల బూట్లు. ఎవరో మొగుడూపెళ్ళాలకి గోడరంగుల అట్టలు చూపిస్తూ తెగ నవ్వుతున్నాడు. అచ్చం నీలాగే ఉన్నాడు."

"ఎవరో అయ్యుంటారు బావా."

"నేనూ అలాగే అనుకున్నా. ఎవరో అయ్యుంటాడులే, మనవాడు పాపం ఏ ఎండలోనో నిచ్చెనెక్కి దగ్గుకుంటూ గోడకి రంగు కొడుతుంటాడు అనుకున్నా. ఇంతలో వాడు ఎడం చేత్తో చెవి గోక్కున్నాడు."

"బావా, అదీ..."

"చెవి వదులు. ఇప్పుడూ గోక్కుంటున్నావు."

"కూర్చోనా?"

"కూర్చోకు! ఎన్నాళ్ళయింది?"

"కొన్నాళ్ళు."

"కొన్నాళ్ళంటే?"

"పోయిన వేసవిలో చేరా."

"పోయిన వేసవా? మళ్ళీ వేసవి వచ్చేసింది కదరా!"

"వచ్చింది."

"అంటే ఏడాదిగా ప్రతి శనివారం నువ్వు ఇక్కడికి వచ్చి, ఆ డబ్బా మీద కూర్చుని, మేమంతా చుట్టూ చేరి నీ భుజాల మీద చేతులేసి... ఒరేయ్, నేనేమని ప్రార్థించేవాణ్ణి? చెప్పు, నీ నోటితో చెప్పు."

"ఎందుకు బావా ఇప్పుడవన్నీ?"

"చెప్పమన్నానా!"

"ప్రభువా, వీడి ఊపిరి నీ చేతిలో ఉంది. వీడికి నీడపట్టున ఒక్క పని చూపించు తండ్రీ, అని."

"అని నేను ఏడుస్తుంటే నువ్వేమనేవాడివి?"

"ఆమెన్ అనేవాణ్ణి."

"గట్టిగా."

"గట్టిగానే అనేవాణ్ణి."

"ఉద్యోగం చేసుకుంటూ, పొద్దున్నే బూట్లు పాలిష్ చేసుకుంటూ, శనివారం వచ్చి ఉద్యోగం కోసం ఆమెన్. ఆహా!"

"మన ప్రార్థన దేవుడు విన్నాడు బావా. అది చూడవేం?"

"విన్నాడు! ఏడాది కిందటే విన్నాడు! విన్నాడన్న సంగతి నాకు తప్ప నీకూ దేవుడికీ తెలుసు. మీరిద్దరూ బానే ఉన్నారు. మధ్యలో నన్నెందుకు వెధవని చేశావు?"

"అలా అనకు. నువ్వు..."

"మరి ఆ దగ్గు?"

"దగ్గు నిజమే. మొదట్లో నిజంగానే చచ్చేంత దగ్గు వచ్చేది. నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే మోకాళ్ళ మీద పడ్డా. మొన్న శనివారం దగ్గావే, అది?"

"అది... తగ్గింది. పనిలో చేరాక తగ్గింది. అక్కడన్నీ మూత బిగించిన డబ్బాలే, వాసన రాదు."

"తగ్గిన దగ్గు ఎలా దగ్గావురా?"

"అలవాటులో వచ్చేసింది."

"నాకు నవ్వు రావట్లేదు."

"నేను నవ్వించడానికి చెప్పలేదు."

"చొక్కా చూపించు. ఇలా వెలుగులోకి రా. ఈ నీలం ఏంటి, ఈ పసుపేంటి? కొత్తగా ఉన్నాయే మరకలు. ఎక్కడివి?"

"షోరూమ్ వెనకాల నమూనా డబ్బాలుంటాయి..."

"వాటిల్లోంచి?"

"ఊఁ. సాయంత్రం బట్టలు మార్చుకునేటప్పుడు రెండు చుక్కలు చల్లుకుంటా."

"చుక్కలు చల్లుకుంటావా! పెళ్ళికి వెళ్ళేవాడు సెంటు చల్లుకున్నట్టు! గోళ్ళు చూడు, ఒక్క రంగు మరక లేదు. ఇన్నాళ్ళూ నేనెలా చూడలేదురా ఈ గోళ్ళు?"

"నువ్వు కళ్ళు మూసుకుని ఉండేవాడివి బావా."

"అవును. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటాను. నా బుద్ధి తక్కువ, ఒక కన్ను తెరిచి ఉండాల్సింది."

"కోప్పడకు. ఆ స్పానర్ కింద పెట్టు."

"స్పానర్ నిన్నేం చేసింది? పనిముట్టు, చేతిలో ఉంటుంది."

"కింద పెట్టొచ్చుగా."

"పెట్టా. చాలా? ఒరేయ్, ఈ ప్రార్థన మనం ఎందుకు మొదలుపెట్టాం? చర్చిలో ఆదివారం అందరూ ఉతికిన బట్టలేసుకుని, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకుంటూ కూర్చుంటారు. మనకది వద్దు, పని దిగి నేరుగా వచ్చేద్దాం, చెమటతో, మడ్డి చేతులతో, ఎలా ఉంటే అలా దేవుడి ముందు నిలబడదాం, పైన చొక్కా ఎవడికి కావాలి, లోపల మనిషి శుభ్రంగా ఉంటే చాలు అనుకున్నాం. అన్నది నేనే, తలూపింది నువ్వే."

"అందుకే."

"ఏంటి అందుకే?"

"అందుకే చెప్పలేకపోయా. పనిలో చేరిన మొదటి శనివారం షోరూమ్ నుంచి నేరుగా వచ్చా. ఇస్త్రీ చొక్కాతోనే, బూట్లతోనే. నువ్వు పెట్టిన నియమం ప్రకారమే వచ్చా బావా, పని బట్టలతోనే. నా పని బట్టలు ఇప్పుడవే గదా."

"వచ్చావా? నేను చూడలేదే?"

"గుమ్మం దాకా వచ్చా. లోపల నువ్వు బట్టల కొట్టాయన గురించి చెప్తున్నావు. కోటు వేసుకుని వచ్చాడే ఒకసారి, ఆయన."

"ఆ కోటాయనా? ఏమన్నాను?"

"ఆయన ప్రార్థన కాలర్ దాటి పైకి పోదు అన్నావు. ఎంత ఖరీదు బట్టైతే దేవుడికి అంత దూరం అన్నావు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన మళ్ళీ రాలేదు."

"అది ఏదో సరదాకి..."

"నేను నా కాలర్ చూసుకున్నా. ఇంటికెళ్ళి పాత చొక్కా వేసుకుని వచ్చా."

"అయితే తప్పు నాదంటావా?"

"అనట్లేదు."

"అంటున్నావు. నీ అబద్ధాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దుతున్నావు. సరే, నోరు జారా. మర్నాడు వచ్చి చెవి పట్టుకుని అడగాల్సింది, ఏంటి బావా ఆ మాటలు, చొక్కా చూడనని చెప్పి చొక్కానే చూస్తున్నావేంటి అని. పడేవాణ్ణి. నీ దగ్గర ఎన్ని మాటలు పడలేదు? ఏడాది ఎందుకు దాచావు?"

"మొహమాటం."

"మొహమాటం ఒక వారం ఉంటుంది. రెండు వారాలుంటుంది. ఏడాదా?"

"రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది."

"వెల్డరు గుర్తున్నాడా?"

"ఎందుకు గుర్తులేడు?"

"చూపు మసకబారుతోంది అతనికి. నీ తర్వాత ఆ డబ్బా మీద అతని వంతు. ఒకడి మొర తీరాకే ఇంకొకణ్ణి కూర్చోబెడదామని మనమే పెట్టుకున్నాం. పోయిన వారం నేనే అతనితో అన్నా, ఇక నీ సంగతి చూద్దాం అని. ఏమన్నాడో తెలుసా? పర్లేదు, ముందు తమ్ముడికి పని దొరకనీ, ఊపిరాడని మనిషి ముందు, నాదేముంది అన్నాడు. చీకట్లోకి పోతున్న మనిషిరా! నీ కోసం ఆగాడు!"

"అది నాకు... దాని గురించి రాత్రిళ్ళు నిద్ర పట్టదు బావా. ఆయన కోసం ఇంట్లో రోజూ ప్రార్థిస్తున్నా. నిజంగా. ఒట్టు."

"ఒట్లు వద్దు. నీ నిజం కూడా నాకు రంగు చల్లినట్టే కనిపిస్తోంది ఇప్పుడు."

"ఆ మాట మాత్రం అనకు."

"అంటా. కడుపు మండి అంటున్నా. నా సొంత తమ్ముడికి చెప్పుకోని మాటలు నీకు చెప్పుకున్నా. ఈ షెడ్డులో, ఇదే నేల మీద, నీ పక్కన కూర్చుని. నా కోపం గురించి, నా నోటి గురించి. శనివారం శనివారం తిండి మానేశా. మీ అక్క ఒక ముద్దైనా తినమని పళ్ళెం తెస్తే తోసేశా, నా బావమరిదికి పని దొరికాక తింటానన్నా. తిండొక్కటేనా? నీకు పని దొరికేదాకా నా కోపాన్ని కట్టేసుకుంటానని ప్రభువుకి మాటిచ్చా. నాకు! కోపం కట్టేసుకోవడమంటే ఎంత కష్టమో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఏం తెలుసు? గొంతు దాకా వచ్చింది మింగేవాణ్ణి. పిడికిలి బిగించుకుని పెరట్లోకి పోయేవాణ్ణి. ఇదంతా వాడి ఊపిరికి, వాడి కోసం, ఇంకొక్కరోజు ఓర్చుకో అనుకునేవాణ్ణి. నువ్వేమో అద్దాల మధ్య ఏసీలో నవ్వుతున్నావు!"

"బావా, నెమ్మదిగా. రోడ్డు మీదికి వినిపిస్తోంది."

"వినపడనీ! వాళ్ళందరూ రానీ, ఇవాళ అందరి ముందూ చెప్తా. వెల్డర్ని తీసుకొచ్చి ఆ డబ్బా మీద కూర్చోబెడతా. నీ కోసం ప్రార్థన ఇవాల్టితో బంద్."

"చెప్పు. అందరికీ చెప్పు. వెల్డరు అన్నకి నేనే కాళ్ళు పట్టుకుని చెప్తా. ఇస్త్రీ చొక్కాతో వచ్చి చెప్తా. ఆయన్నే ముందు కూర్చోబెట్టు. కానీ నా కోసం ప్రార్థన మాత్రం ఆపకు."

"ఏంటీ?"

"ఆపకు బావా."

"పని దొరికిందిగా! ఇంక దేని కోసం చెయ్యను? ప్రమోషన్ కోసమా?"

"దేనికోసమో ఒకదానికోసం. నువ్వే ఏదో ఒకటి అనుకుని చెయ్యి. నీ మాట మాత్రం వెనక్కి తీసుకోకు."

"ఏ మాట?"

"అదే. కోపం కట్టేసుకుంటానన్నావే, అది."

"పని దొరికేదాకా అన్నా. దొరికింది. నా మాట తీరిపోయింది. ఇంకెవరి కోసం కట్టేసుకోవాలి? నన్ను ఏడాది పాటు ఆడించినవాడి కోసమా?"

"నా కోసం కాదు."

"మరెవరి కోసం? గొణక్కు, సరిగ్గా చెప్పు. ఇంకేదో దాస్తున్నావు నువ్వు. మొహమాటం కాదు, కాలరూ కాదు. ఇంకేదో ఉంది."

"ఏం లేదు."

"మీ అక్కకి తెలుసా?"

"ఏంటి?"

"నువ్వు పనిలో చేరినట్టు మీ అక్కకి తెలుసా?"

"తెలీదు. అక్కకేం తెలీదు."

"చెవి గోక్కుంటున్నావు."

"అక్కకి తెలీదన్నాగా!"

"తెలుసు. దానికీ తెలుసు. పళ్ళెం పట్టుకుని నిలబడేది, ఇంక చాలు తినండీ, దేవుడు వినే ఉంటాడు అనేది. వినే ఉంటాడు! తెలిసే అనేది! అందరూ కలిసే నన్ను... పక్కకి జరుగు."

"ఎక్కడికి?"

"ఇంటికి. దాన్నే అడుగుతా."

"ఇప్పుడు వద్దు."

"జరగరా."

"ఇంత కోపంతో ఇంటికి వెళ్ళకు బావా. నీ కాళ్ళు పట్టుకుంటా. అడగాల్సిందేదో నన్నడుగు. కొట్టాలనుంటే నన్ను కొట్టు, ఇదిగో, ఇక్కడే నిలబడ్డా."

"కొట్టడం ఏంట్రా? నిన్నెందుకు కొడతాను? ప్రార్థన చేసుకునే మనిషిని నేను. ఈ షెడ్డులో నలుగురు నన్ను చూసి దేవుడి దగ్గరికి వస్తారు. నేను కొట్టే మనిషినా?"

"ముందు ఆ పిడికిలి వదులు బావా."

"ముందు అడిగింది చెప్పు! నేను కొట్టే మనిషినా?"

"మొదటి జీతం వచ్చిన రోజు స్వీట్లు పట్టుకుని ముందు అక్క దగ్గరికే పరిగెత్తా బావా. అక్క సంతోషపడలేదు. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. 'మీ బావకి చెప్పకురా, నీ కోసం ప్రార్థన మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆయన నా మీద చెయ్యెత్తలేదు' అంది."